మూడో గది గ్లాసు

సారెమా దీవి, నవంబరు.
నాలుగింటికే చీకటి పడే ఊళ్లో
రాత్రి డ్యూటీ నాది.

మూడో గది లెయిదా గారు
మళ్లీ పక్క తడుపుకున్నారు.
దుప్పటి కింద చేత్తో తడిమి
"వాన లోపలికొచ్చింది" అన్నారు,
నా మొహం చూడకుండా.

ఎనభై ఎనిమిదేళ్లు. అందులో నలభై
చేపల ఫ్యాక్టరీలో డబ్బాల లెక్క రాసిన మనిషి.
ఇవాళ తారీఖు అడిగితే
ఎప్పుడో మునిగిన పడవ పేరు చెప్పారు.

మూత్రంలో ముంచిన కాగితప్పుల్ల
రెండు నిమిషాల్లో ఊదారంగుకి తిరిగింది.
ఫోనులో కూతురు మారెట్:
"రంగు మారిందిగా! యాంటీబయాటిక్ మొదలుపెట్టరేం?"

మొదలుపెట్టేదాన్నే, కిందటేడు వరకు.
పుల్ల రంగు మారితే బిళ్ల.
వాసనొస్తే బిళ్ల. విసుక్కుంటే బిళ్ల.
ఏడో గది ఇల్మార్ గారికీ అలాగే ఇచ్చాం,
జ్వరం లేదు, మంట లేదు,
ఊరికే ఓ రాత్రి దారి తప్పి
వంటింట్లోకి నడిచారని.
పురుగు పోయిందో లేదో గానీ
కడుపు కట్టు తెగింది. పదకొండు రోజులు.
ఆయన చెప్పులు ఇంకా నా అల్మరాలోనే ఉన్నాయి,
అడిగేవాళ్లెవరూ రాలేదు.

డాక్టర్ పిరెట్ సాయంత్రం చెప్పి వెళ్లింది:
"ఈ వయసు మూత్రసంచిలో పురుగులు
అద్దె కట్టని కాపురాలు.
గోల చెయ్యనంత కాలం ఉండనీ.
చలిజ్వరమొస్తే, నడుం పక్కన పోటొస్తే,
పోసేప్పుడు మండితే పిలువు,
అర్ధరాత్రైనా సరే, మందు నేనే రాస్తా.
ఈలోపు నీళ్లు తాగుతోందా, చూడు."

చూశాను.
గ్లాసులో నీళ్లు పొద్దుటి గీత దగ్గరే ఉన్నాయి.
కిటికీలో జెరేనియం కుండీ మాత్రం తడితడిగా.

"మధ్యాహ్నం నుంచీ మానేశా,"
గోడతో చెప్పారు లెయిదా గారు.
"తాగితేనే కదా తడిపేది.
మూడింటికి నా పక్క మారుస్తూ
నువ్వు నడుం పట్టుకోవటం చూశా."

ఏం చెప్పను.
ఎర్రపళ్ల రసం వెచ్చచేసి చెంచాతో పట్టాను.
రెండు గంటలకోసారి చెయ్యి పట్టి నడిపాను,
ఒకసారి అందుకున్నాం, రెండుసార్లు దారిలోనే.
ఒంటి వేడి రాసుకున్నాను: ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది.

పొద్దున మారెట్ మళ్లీ ఫోన్ చేస్తుంది.
మీ అమ్మ నాలుగు గ్లాసులు తాగిందంటే
అదీ ఒక వైద్యమేనా అంటుంది.

ఐదింటికి దుప్పటి మళ్లీ తడి.
"వాన," అన్నాను, ఈసారి నేనే ముందు.
లెయిదా గారు నవ్వలేదు.
తారీఖు చెప్పారు.
ఒక్క రోజు తప్పు.