గులాబీ చీటీలు

డెస్కు కింది సొరుగు బిగుసుకుపోయింది.
మోకాలు ఆనించి గుంజితే ఊడివచ్చింది.
గులాబీ రంగు చీటీలు, పంతొమ్మిది.
ఒక్కదాని మీదా జవాబు లేదు.

అన్నీ ఒకే చేతిరాత,
చలికి వేళ్ళు మొద్దుబారినట్టు అక్షరాలు అటొకటి ఇటొకటి.
"అక్టోబర్ 3. సీట్ల మీంచి గెంతుతున్నారు."
"అక్టోబర్ 11. నారింజ తొక్క మెడకి తగిలింది. మలుపులో ఉన్నాను."
"నవంబర్ 20. దయచేసి ఎవరైనా ఒకసారి మాట్లాడండి."
ఆ తర్వాతి దాంట్లో దయచేసి లేదు.
చివరి దాంట్లో తేదీ, బస్సు నంబరు, సంతకం, అంతే:
లెంపి కొస్కెలా, పద్నాలుగు.

నాకు ముందున్న వైస్ ప్రిన్సిపాల్ మీదికి
నెట్టేద్దామనుకున్నాను.
తేదీలు ఒప్పుకోలేదు.
సెప్టెంబర్ నుంచీ ఈ కుర్చీలో ఉన్నది నేనే.
కాఫీ కప్పు పక్కన పెట్టిన ప్రతి చీటీకీ
"తర్వాత చూద్దాం" అన్న గొంతూ నాదే.

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నర.
ఉత్తర మినెసోటా, ఇనుప గనుల ఊరు,
సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
షెడ్డు గోడకి కరెంటు తీగలతో
పలుపు తాళ్ళతో పశువుల్లా కట్టేసి ఉన్నాయి బస్సులు.
ఆమె సుత్తితో టైర్లు తట్టి చూసుకుంటోంది.
నన్ను చూసి సుత్తి దించింది.
"ఎవరైనా పోయారా?"

ఆఫీసు మనిషి ఇంతదూరం రావాలంటే
ఎవరో ఒకరు పోవాలన్నమాట.

"లేదు. మీతో వస్తాను."
"అయితే చిట్టచివర కూర్చో.
ముందు కూర్చుంటే నీకేం తెలియదు."

చివరి సీట్లో నా పాదాలు కొయ్యబారాయి.
ఎదురుగా దుంగల లారీలు
మంచు దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి.
ఆమె నెత్తి మీద మూరెడు అద్దం.
రోడ్డు, అద్దం. రోడ్డు, అద్దం.
నలభై ఎనిమిది మందికి వీపు పెట్టి
పాఠం చెప్పమంటే
మా బడిలో ఏ టీచరు ఒప్పుకుంటారు?

ఐవర్ సుంద్, ఎనిమిదో తరగతి.
చిన్నవాడి టోపీ లాగి విసిరాడు, అది చేతులు మారింది,
తర్వాత ఒక తడి గ్లోవు గాల్లో లేచి
ముందు అద్దానికి చప్పున కొట్టుకుంది.
లారీ హారన్ మమ్మల్ని రాసుకుంటూ పోయింది.

ఆమె అరవలేదు.
బస్సు పక్కకి తీసి ఆపింది.
రెండు చేతులూ స్టీరింగు మీదే.
హెచ్చరిక లైట్లు టిక్కు టిక్కు మంటున్నాయి.
తలలన్నీ వెనక్కి, నా వైపు తిరిగాయి.

లేచాను. నోటి నిండా ఉపన్యాసం ఉంది.
నడవలో నాలుగడుగులు వేశాక తెలిసింది:
ఇక్కడ నేను నోరు విప్పితే
రేపు నేను లేని బస్సులో
ఆమె మాట ఇంకాస్త చిన్నదవుతుంది.
ముందుకి వెళ్ళి, అందరికీ వినపడేట్టు అడిగాను:
"మిసెస్ కొస్కెలా, ఏం చెయ్యమంటారు?"

అద్దంలోంచి చాలాసేపు చూసింది నన్ను,
వాణ్ణి కాదు.
"ఐవర్ నా వెనక సీట్లో కూర్చోవాలి. మార్చి దాకా."
"అలాగే."
ఆ రోజంతా నేను చేసిన పని
ఆ ఒక్క మాట.

సాయంత్రం ఐవర్ తల్లికి ఫోన్ చేశాను.
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీకి బయల్దేరుతోంది.
"అక్టోబర్ నుంచా? నాకు ఒక్కరూ చెప్పలేదే!"
ఆమె కోపం నామీదే, ఉండాల్సిన చోటే.
తర్వాత పంతొమ్మిది చీటీల మీదా
పంతొమ్మిదిసార్లు క్షమించమని రాశాను.
ఆఖర్న నా అక్షరాలూ అటొకటి ఇటొకటి.

ఫిబ్రవరిలో ఇరవయ్యోది వచ్చింది.
"ఐవర్ మాటల్లో చెప్పాడు.
వెనక హీటరు మొదట్నించీ పనిచెయ్యట్లేదట.
వేడి కోసమే గెంతుతారేమో.
నేను ముందుంటాను, నాకు తెలియలేదు."

ఆ సీట్లో కూర్చున్నది నేను.
పాదాలు కొయ్యబారింది నాకు.
నాకూ తట్టలేదు.

చీటీ సొరుగులో వెయ్యలేదు.
గ్యారేజీకి ఫోన్ చేసి
ఎవరో ఎత్తేదాకా మోగనిచ్చాను.