నల్లబల్ల

పొద్దున ఏడుకంతా పంచాయితీ ఆఫీసు తలుపు తీసి
కసువు చిమ్మి, కుండలో నీళ్ళు పోసి
నిన్నటి ఊరిని తడిగుడ్డతో తుడిచేస్తాను.

తుడిచినా నిన్న పూర్తిగా పోదు.
'కుక్కలకు టీకాలు' అని రాస్తే
దాని కింద నించి
కట్టని ఇంటిపన్ను తెల్లగా తొంగి చూస్తా ఉంటుంది.

సెక్రెటరీ సారు పలమనేరు నించి ఫోన్లో చెప్తాడు,
నేను రాస్తాను.
చదివింది ఎనిమిది. అక్షరాలు మాత్రం గుండ్రంగా
పేడతట్టలో సర్దిన వంకాయల మాదిరి ఉంటాయని
మా ఆయన ఎగతాళి.

కొళాయి నీళ్ళు మంగళవారం, శుక్రవారం.
పశువుల డాక్టరు వ్యాను పదిగంటలకు, రాకపోతే పన్నెండుకు.
ఆధారు దిద్దుబాట్లు ఇస్కూలు వరండాలో.
ఎర్ర సుద్దతో, పెద్దగా:
ఏనుగులు కౌండిన్య అడవి దాటినాయి.
టమోటా తోటల్లోకి రాత్రి కాపలా పోవద్దు.

చదివేవాళ్ళు తక్కువ మా గుండ్లమడుగులో.
చదివించుకునేవాళ్ళే ఎక్కువ.
దొరసానమ్మ చంకలో సంచి పెట్టుకోని వస్తుంది:
"నా పేరుండాదా చూడు మే."
పింఛను లిస్టు కాదవ్వా ఇది,
దోమలమందు కొట్టే వీధులు, అంటే
"అయినా చూడు" అంటుంది.
చూస్తాను.
లేదని చెప్పేముందు రొంతసేపు వెతకడం
పంచాయితీ చేసే సేవల్లో
ఏ బోర్డు మీదా రాయనిది.

పోయిన కార్తీకంలో ఒకరోజు
నా వంకాయల కింద
ఎవురో సున్నపురాయితో గీకినారు:
'మా యీదికి లయిటు ఎప్పుడు'
ప్రశ్న గుర్తు లేదు.
ప వత్తు జారిపోయి
పక్కింటి అక్షరం కింద కూర్చోనుంది.

తుడిచేసినాను.
తెల్లారితే మళ్ళీ అదే.
తుడిచేసినాను.
తొమ్మిదిరోజులు నాకూ ఆ చేతికీ ఇదే పని.

పదోరోజు ఇంకో వరస కలిసింది:
'ఏనుగొస్తే కనపడాల గదా'

నా చెయ్యి గుడ్డ దగ్గరే నిలబడిపోయింది.
వస్తాండాదని రాసింది నేనే.
చూసుకోండని రాసింది నేనే.
దేంతో చూసుకోవాల్నో
సారు ఫోన్లో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రెండు వరసల్నీ అట్లే ఉంచి
చుట్టూ రాసినాను.
నీళ్ళు ఎడంపక్కకు, టీకాలు పైకి,
ఇంటిపన్ను మూలకు వొదిగింది.

సారు వచ్చినాడు. అద్దాలు పైకెత్తి చదివినాడు.
"ఎవురు రాసింది?"
"నేను గాదు సార్."
"తుడిచెయ్."
"గుడ్డ ఉతికేసినాను సార్, ఆరల్ల."
గుడ్డ కిటికీ మీద
ఒట్టి అప్పడం మాదిరి ఎండిపోయుండాది.
సారు దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు,
ఫోను తీసి బోర్డు ఫోటో కొట్టుకున్నాడు.
ఎవురికి పంపినాడో, పంపినాడో లేదో,
ఈరోజుకూ తెలియదు.

ఇరవైరోజులకు లైన్‌మన్ ఆర్ముగం
మోపెడు మీద నిచ్చెన కట్టుకోని వచ్చినాడు.
ఆ వీధిలో స్తంభమే లేదు.
మలుపులో ఉండే స్తంభానికే బల్బు బిగించి
దాని మొగం వీధి తట్టుకు తిప్పిపోయినాడు.
వెలుతురు ఏడో ఇంటి దాకా నడిచి
ఆడ అలిసిపోయింది.
మిగిలిన ఆరిండ్లకు
వెలుతురు ఎట్లుంటుందో ఆడినించి చూసే వీలు కలిగింది.

ఆ రాత్రి చూసొద్దామని పోతి.
ఏడో ఇంటి తలుపు మీద సుద్దతో పాల లెక్క:
మూడు లీటర్లు. అప్పు నలభై.
ప వత్తు జారి పక్కకు పడుండాది.
లోపల కొక్కేనికి
తెలిసిన సంచి.

తలుపు తట్టకుండా వచ్చేసినాను.

పొద్దున దొరసానమ్మ వచ్చింది.
"నా పేరుండాదా చూడు మే."
నేను ఎప్పటి మాదిరే
పై వరస నించి వేలు పెట్టి వెతికినాను.
ఆమె కూడా నా వేలెనక
తెలియనట్టే చూసింది.
"లేదవ్వా."
"సరేలే."

ఇప్పుడు బోర్డు కింద జానెడు జాగా
ఏమీ రాయకుండా వదిలేస్తాను.
ఇంకా ఆరిండ్లుండాయి గదా.
సాయంత్రం తాళం వేసేటప్పుడు
కిటికీ గట్టున ఒక సుద్దముక్క
మర్చిపోతాను.