మట్టం

ఎస్తేరు గారు బొమ్మలు చెయ్యరండి.
ఆవిడికి ఒక పనికి ఊరికి ఊరే కావాలి.
అంబాజీపేట నుంచి లారీలో వచ్చిన పీచుతాడు,
మూడు మైళ్ళ పొడవు,
పంటు మీద మా లంకకి దాటించడానికే రెండ్రోజులు పట్టింది.

"ఎనభై ఆరు వరద ఎంతెత్తు వచ్చిందో
అంతెత్తున ఈ తాడు కట్టాలి మేస్త్రీ,
ఒక్క ఇల్లు వదలకుండా."
నా దగ్గరున్నవి నీళ్ళ ట్యూబు, సుత్తి, మేకులు.
మరి బొమ్మేదండీ అన్నాను.
ఇదే అన్నారు.

మొదట గోళేల్లో నీలిమందు కలిపి ముంచారు తాడుని.
సరంగు పెళ్ళాం మంగాయమ్మ చూసి నవ్వింది:
"గోదారి నీలంగా వచ్చి ఎవర్ని ముంచిందమ్మా?
ఎర్రగా వస్తాది. విరిగిపోయిన టీలాగ."
ఆవిడ మారు మాటాడలేదు.
మర్నాడు బట్టీ నుంచి ఇటుక పొడి తెప్పించి
తాడంతా మళ్ళీ ముంచారు.
వారం దాకా మోచేతుల వరకూ అదే రంగు.

ట్యూబుకి మొహమాటం లేదండి.
ఈ కొసన నీళ్ళెంతో ఆ కొసనా అంతే.
రేవు రాతి మీది పాత గీత దగ్గర మొదలెట్టి
ఆవిడొక కొస, నేనొక కొస,
బడి కిటికీల పైనుంచి, చర్చి గంట కిందనుంచి
అరటి గెలల్ని రాసుకుంటూ వెళ్ళి
ప్రెసిడెంటు గారి గుమ్మంలో ఆగాం.
"మా అరుగే ఎక్కలేదు నీళ్ళు. మా నాన్న చెప్పేవాడు."
ట్యూబు దేవుడి పటాల దాకా చూపించింది.
ఆయన దాన్ని వేలితో తట్టి
గాలి బుడగుందేమో చూడరా అన్నాడు.
లేదు.
"కట్టుకోండి" అని లోపలికెళ్ళి ఫ్యాను వేసుకున్నాడు.

ఆఖరిది మా ఇల్లు. గోడలు అప్పటివే.
నీళ్ళు ట్యూబులో లేచి లేచి అటక దాటాయి.
ఆ అటక మీదే కూర్చోబెట్టింది మా చెల్లిని అమ్మ,
చేతిలో బెల్లం ముక్క పెట్టి,
నన్ను భుజానేసుకుని
పడవని కేకేసుకొస్తానని.

బెత్తెడు దించుదామండి, అన్నాను.
బెత్తెడే కదా, ఎవరికి తెలుస్తుంది.
ఆవిడ నా మొహం చూడలేదు.
మేకు నా చేతిలో పెట్టి
తోట వైపు తిరిగి నిలబడ్డారు.

నీళ్ళెక్కడ ఆగాయో అక్కడే కొట్టాను.

నెలరోజులుంది తాడు.
పేపరోళ్ళు వచ్చారు, ఫొటోలు తీశారు.
మా ఆడాళ్ళకి అందలేదు గానీ, అందితే బట్టలారేసేవారే.
లకుముకి పిట్ట ఒకటి రోజూ వచ్చి కూర్చునేది.
పిల్లలు దాని కింద బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి,
బారలేస్తూ నడిచేవారు బడికి.

తర్వాత విప్పి తలా కొంచెం పంచేశారు.
గేదెలకి కొంత, నావలకి కొంత.

నేనిప్పుడు ఎవరింటికి పునాది తీసినా
వాకిలెటు అని తర్వాత అడుగుతాను.
ముందు అటక సంగతి.