సగం సినిమా

బర్మింగ్‌హామ్‌లో బస్సెక్కినప్పుడు
నా పక్క సీటు ఖాళీ.
దాని మీద బ్యాగు పెట్టి, బ్యాగు మీద కోటు పెట్టి,
కోటు మీద నిద్ర నటించే చెయ్యి పెట్టి
ప్రెస్టన్ దాకా కాపాడుకున్నాను.

ప్రెస్టన్‌లో ఎక్కాడు విల్ఫ్ గార్నెట్.
డెబ్బై దాటి ఉంటాయి. తడిసిన ఉన్ని వాసన.
"ఎవరూ లేరుగా ఇక్కడ" అని అరిచి
బ్యాగునీ కోటునీ నన్నూ కలిపి కిటికీలోకి జరిపాడు.

నాది చెవులు పరీక్షించే ఉద్యోగం.
రోజంతా మనుషుల్ని గాజు గదిలో కూర్చోబెట్టి
"వినిపిస్తే బటన్ నొక్కండి" అంటుంటాను.
క్రిస్మస్ సెలవులకి నాకు కావలసింది ఒక్కటే:
కార్లైల్‌లో మా ఇల్లు,
బిస్కెట్ ఫ్యాక్టరీ డ్యూటీ దిగొచ్చిన మా ఆయన,
ఇద్దరం మాట్లాడకుండా తినే అన్నం.

విల్ఫ్ మాట్లాడాడు.
లాంకాస్టర్ దాకా ఎడమ మోకాలి గురించి.
లాంకాస్టర్ దాటాక కుడి మోకాలి గురించి.
తర్వాత కోటు గుండీ ఒకటి విప్పాడు.
లోపల్నుంచి ఒక మూతి.
ముంగిసకి పెత్తల్లి కొడుకు వరస, ఫెరెట్ అంటారట.
పేరు జడ్జి.
"డ్రైవరుకి చెప్పకు. వీడికి టికెట్టు లేదు."

కెండల్ దాటగానే మంచు.
షాప్ అని ఒక కొండ ఉంది అక్కడ,
పేరుకే షాపు, గాలి తప్ప ఏ సరుకూ దొరకదు.
ఆ ఎత్తు మీద ఆగిపోయాం.
ముందు లారీలు, వెనక లారీలు,
పంటి సందున జొన్నపొట్టులా మా బస్సు.

డ్రైవరు మంచివాడు. ఉన్న ఒక్క తెర మీద
పండగ సినిమా ఏదో వేశాడు.
బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు.

శవపేటికలు చేసే పొడుగాయన,
పెళ్ళి బ్యాండులో డ్రమ్ము కొట్టే పొట్టాయన,
విమానం తప్పిపోయి
ఒకే శవాల బండిలో ఇళ్ళకి బయల్దేరారు.
"పదకొండు సార్లు చూశా" అంటూ
లేచి నిలబడ్డాడు విల్ఫ్.
పొడుగాయనకి బొంగురు గొంతు, పొట్టాయనకి కీచు గొంతు,
పెట్రోలు బంకు ఆవిడకి అచ్చం మా అత్తగారి గొంతు.
బండి తలుపు ఊడితే తానే తలుపు,
ఆవు అడ్డొస్తే తానే ఆవు.
తోలుబొమ్మలవాడు తెర ముందుకొచ్చి పడ్డట్టు.

వెనక సీటు నర్సమ్మ నవ్వింది.
సెలవు మీదొచ్చిన సైనికుడు నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆ సందట్లో జడ్జి దిగి
నా డబ్బాలోని రెండు ఉడికిన గుడ్లకీ
విచారణ లేకుండానే శిక్ష అమలు చేశాడు.
ఖాళీ డబ్బా చూశాక వచ్చింది
నవ్వు,
ముక్కులోంచి, సిగ్గులేకుండా.

సరిగ్గా అప్పుడే తెర ఆరిపోయింది.
డ్రమ్ము ఇంకా రైలు పట్టాల మీదే ఉంది.
"తర్వాత?" అన్నాను.
నేనే.
చీకట్లో ఆయన పలకలేదు.
ఫోను వెలుతురు నా మొహం మీదికి తిప్పుకుని,
పెదాలు బాగా కదిపి, మళ్ళీ అడిగాను.

పొడుగాయన తన ఇంటి ముందు బండి ఆపి కూడా దిగలేదట.
పొట్టాయన్ని వాళ్ళ ఊళ్ళో దింపి వెనక్కొచ్చేసరికి
పండగ అయిపోయిందట.
వాళ్ళావిడ మాత్రం వరండా దీపం ఆర్పలేదట.

ఉప్పు చల్లే లారీ నాలుగింటికొచ్చింది.
పెన్రిత్‌లో దిగుతూ విల్ఫ్
గుడ్ల బాకీ కింద నా చేతిలో
సగం పుదీనా బిళ్ళల పొట్లం పెట్టాడు,
జడ్జి వెంట్రుకలతో సహా.

బాక్సింగ్ డే నాడు మా ఆయనతో కూర్చుని
ఆ సినిమా వెతికి చూశాను, శబ్దంతో.
విల్ఫ్ చెప్పిన మాట ఒక్కటి లేదందులో.
దీపమూ లేదు.
పొడుగాయన ఇంట్లోకెళ్ళి తలుపేసుకుంటాడు,
పాటొస్తుంది, పేర్లు పడతాయి.

పదకొండు సార్లు చూశానన్నాడు.
విన్నానని అనలేదు.

శబ్దం తీసేసి, మొదటికి తిప్పి,
నేను లేచి నిలబడ్డాను.
అన్నం దగ్గర ఎన్నడూ నోరెత్తని మా ఆయన
కాసేపు చూసి, కంచం పక్కన పెట్టి,
"ఆవుని నేను చేస్తా" అన్నాడు.