సున్నుండకి ఇల్లు

బదిలీ అయిన బ్యాంకాయన
కాగితాలతో సహా అప్పగించి వెళ్లాడు.
బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డబ్బా,
మూతకి మేకుతో పొడిచిన కన్నాలు,
అడుగున గోధుమరంగు ముద్ద.
ముట్టుకుంటే తల లోపలికి దాచుకుని
ఇంకా ముద్దయింది.
పేరు పెట్టడానికి అరనిమిషం పట్టలేదు:
సున్నుండ.

పశువుల ఆసుపత్రిలో గేదెలకి సూదులందించేదాన్ని,
ఈ కొండచిలువ గురించి నాకేం తెలుసు?
ఆఫ్రికాది. విషం లేదు. వట్టి పిరికిది.
ఇరవై మూడు రోజులుగా ఏమీ తినలేదు.

దాసన్నపేట వడ్రంగి లక్కోజు గవర్రాజు
చెవిమీది పెన్సిల్ తీసి నాలిక్కి అద్దుకుని
"నాలుగడుగులా! పాముకా!
పెళ్లిమంచాలు సేసినాను, ఉయ్యాళ్లు సేసినాను,
పాముకి బీరువా ఇదే మొదులమ్మా" అన్నాడు.
అద్దం తలుపు పక్కకి జరగాలి, తాళం పడాలి.
చిటికెనవేలు దూరే సందుంటే
అది వీధిలో ఉన్నట్టే.
దేవదారు వద్దు, ఆ వాసన దాని ఊపిరికి పడదు.
వార్నిషు వేస్తే పదిహేను రోజులు ఎండలో ఆరాలి.
"మడిసికి కూడా ఇన్ని సూడరు."
అంటూనే అన్నీ రాసుకున్నాడు.

ఒక కొస వెచ్చగా, ఒక కొస చల్లగా అన్నానో లేదో
"ఆగ్నేయం" అన్నాడు.
థర్మామీటరుతో నేను చెప్పబోయేది
దిక్కులతో తేల్చేశాడు:
పెట్టె ఉత్తర దక్షిణాలు,
వేడిపలక ఆగ్నేయం మూల,
నీళ్లపళ్లెం ఈశాన్యం.
ముప్పై రెండు, ఇరవై ఆరు అన్న అంకెల్ని
చెక్కమీద రాసి చుట్టూ గీత గీశాడు,
ఎవరో చెరిపేస్తారన్నట్టు.

కవిటి నుంచి కొబ్బరిపొట్టు తెప్పించి
తడిపి, పిండి, పరిచాను.
కుమ్మరివీధిలో రెండు చట్లు కొన్నాను, ఒకే కొలత.
బోర్లించి, అంచున గుమ్మంలా అరగదీస్తూ అడిగాడు:
"ఒకటే రకం రెండెందుకూ?"

రెండు కొసలకీ రెండు.
వెచ్చదనం కోసం బయటపడి భయపడకూడదు,
దాక్కోడం కోసం చలిలో వణక్కూడదు.
రెంట్లో ఒకటి ఏరుకోమంటే
అది తిండి మానేస్తుంది.

ఆకురాయి ఆగింది.
"మా గుంట పది సదువుతోంది" అన్నాడు,
చట్టికి చెబుతున్నట్టు.
"ఒంటింట్లోనే పడక. పొయ్యికాడ ఎచ్చగుంతాది.
తలుపు నేదు."
మళ్లీ అరగదీశాడు. ఎర్రటి పొడి
మోకాళ్లమీద పడుతోంది.

రెండ్రోజులు రాలేదు. ఫోనెత్తలేదు.
మూడోనాడు అద్దాలు మోసుకొచ్చి
మిగిలిన ప్లైవుడ్డుకి ఎంతివ్వాలో చెప్పమన్నాడు.
బందులు కొత్తవి కొన్నాడట.
గడియ లోపలివైపు పెట్టాడట.
"నోపలే" అని మళ్లీ అన్నాడు.
డబ్బులు వద్దన్నాను.
లెక్క చూస్తే, కూలీలో తగ్గించుకున్నాడు.

నాగులచవితినాడు ఇంటావిడ నూకాలమ్మగారు
గ్లాసుడు పాలతో వచ్చింది.
పెట్టె ఇంకా ఖాళీ, వార్నిషు ఆరుతోంది.
డబ్బాలోదీ పాలు తాగదండీ, అన్నాను.
"తాగకపోతే మానె. సూత్తాదిగా."
సాయంత్రం ఆ పాలతో నేనే టీ కాచుకున్నాను.

దించిన రాత్రి
సున్నుండ రెండు చట్లనీ లెక్కచెయ్యలేదు.
ఇంత చేస్తే
పళ్లెం వెనక, థర్మామీటరు తీగ పక్కన
తల దూర్చి, ఒళ్లంతా బయట పెట్టుకుని
దాక్కున్నాననుకుంది.
నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

అర్ధరాత్రి కరెంటు పోయింది.
వేడినీళ్ల సీసా గోనెగుడ్డలో చుట్టి తెచ్చి
టార్చి వేశాను.
పళ్లెం వెనక లేదు.
తాళం చూశాను, ఉంది.
కొబ్బరిపొట్టులో వంకర చాలు ఒకటి
ఆగ్నేయం చట్టి గుమ్మందాకా వెళ్లి ఆగింది.
ఎత్తి చూడాలని చెయ్యి దానిమీదికి పోయింది.

ఎత్తలేదు.
సీసా పక్కన పెట్టి, టార్చి ఆర్పి,
చీకట్లో కాసేపు నేలమీదే కూర్చున్నాను.

ఎనిమిదోనాడు ఎలుకని పెట్టి పడుకున్నాను.
పొద్దున్న పళ్లెంలో
కాస్త కొబ్బరిపొట్టు,
అంతే.