రేవు లెక్క

ఎచ్చెర్లలో, హైవే లారీల మోతకి
కిటికీ అద్దాలు సన్నగా వణికే గదిలో
దుమ్ముకి పేర్లు పెట్టడం నా ఉద్యోగం.
కాంట్రాక్టు. పదకొండు నెలలకోసారి
నేనూ గడువు తీరిన కాగితాన్నే.

నలభై ఒకటో పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన.
ఒక మునసబు రాజీనామా ఉత్తరం,
చెదలు శనిని తినేసిన ఎవరిదో జాతకం,
సంతలో ఎద్దుల జత కొన్న రసీదు,
అడుగున, జనపనార తాడుతో కట్టిన పొడుగు పుస్తకం:
నాగావళి మీద ఆ దాపుల వంతెన లేనప్పటి
పడవ కూలి లెక్క.

రాసింది రేవు గుత్తకి పాడుకున్న అసిరినాయుడి మేనల్లుడు.
మూడో తరగతి దాకా చదివుంటాడు.
ఒత్తులన్నీ ఒడ్డునే వదిలేసి పడవెక్కాడు.
"మేకలు నాలుగు, రెండణాలు.
కొత పెలికూతురు, అణా. ఏడుపుకి కూలి లేదు.
పోలీసు జవాను, ఇవడు.
పొగాకు కటలు తడిసినాయి, తగువు."
ఫారంలో 'కర్త' అనే గడి ఉంది.
అతని పేరు ఎక్కడా లేదు.
గడి ఖాళీగా వదిలి కొన్నాళ్ళయింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం బమ్మిడి తవిటయ్య వచ్చాడు,
చెప్పులు గుమ్మం బయట విడిచి,
ఆస్పత్రికో గుడికో వచ్చినట్టు.
"నానెప్పుడు పుట్టినానో సూసి సెప్పమ్మా.
కార్డులో జనవరి ఒకటని కొట్టీసినారు.
మా ఊర్లో సగం మందిమి ఆ రోజే పుట్టీసినాం."

ఏ సంవత్సరం, అన్నాను.
"ఏరు మా ఈదిలోకొచ్చిన ఏడు.
మంత్రసాని దాలమ్మ అవతలొడ్డు నుంచి రావాల."
ఆ ఊరి పుట్టుకల రిజిస్టరుకి
మా దగ్గర మిగిలింది అట్ట ఒక్కటే.

అందుకని మనిషిని వెతకడం మానేసి
పడవని వెతికాం.
విరోధి నామ సంవత్సరం, భాద్రపద బహుళం,
తిథి దగ్గర సిరా నీళ్ళు తాగింది.
"సోమారం రేతిరి. ఏరు పోటు మీద ఉంది.
దాలమ ఒకతే. అణా. బాకీ."

సోమారం, అన్నాడు తవిటయ్య,
నాలుక మీద ఉప్పు చూసుకున్నట్టు.
నాకు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది.
ఆ వరదలో ఆ వారం ఎందరు నొప్పులు పడ్డారో.
మంత్రసాని ఏరు దాటితే ఈయనే పుట్టినట్టా?
ఇది ఆధారం కాదు తాతా, అనబోతూ పేజీ తిప్పాను,
అలవాటుకొద్దీ పైకే చదివేశాను.

"మంగలవారం తెలారి. దాలమ, సిన మూట.
మూటకి కూలి లేదు."

చదివాక తెలిసింది ఏం చదివానో.

తవిటయ్య అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు.
"మాయమ్మ నాకు ముద్దెట్టే ముందర
ఒక మెతుకు ఏటికేసి ఇసిరీది.
సేపలకేమో అనుకున్నాను."
బయట లారీ ఒకటి గేరు మార్చింది.
"ఇన్నాళ్ళూ సేపలకే అనుకున్నాను."

జిరాక్సు తీసిస్తానంటే వద్దన్నాడు, అక్షరం రాదుట.
ఆ వరుస ఎక్కడుందో మాత్రం చూపించమన్నాడు.
కాగితానికి తగలకుండా, కాస్త పైన గాలిలోనే
వేలు నడిపించాడు
ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి.
కింది వరుస మీద కూడా.
అక్కడ కొంచెం ఆగాడు.

వెళ్తూ వెళ్తూ పది రూపాయల బిళ్ళ బల్ల మీద పెట్టాడు.
"బాకీ అన్నావు గదా."
యూనివర్సిటీలో దీనికి పద్దు లేదు, తీసుకోకూడదు, అన్నాను.
"నీకు కాదమ్మా. పడవకి."

అయిదు దాటాక, గది తాళం వేసే ముందు
రిజిస్టరులో ఒక వరుస కలిపాను:
పెట్టె నలభై ఒకటి, ఏడో వస్తువు, నాణెం ఒకటి.
ఇచ్చినవారు బమ్మిడి తవిటయ్య.
దాత పుట్టిన తేదీకి ఒక గడి ఉంటుంది ఆ చివర.
పైవాళ్ళు చూస్తే కొట్టేస్తారు.
అయినా రాశాను, ఒత్తుల గురించి ఆలోచించకుండా:
సోమారం రేతిరి. ఏరు పోటు మీద ఉంది.