ఆరో గది

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఎండు మెత్తళ్ళ వాసన మలుపు తిరిగే చోట
మా కొట్టు.
బోర్డు మీద 'తుపాకులు' అన్న మాటలో
'తు' ఎప్పుడో రాలిపోయింది.
ఒకాయన లోపలికొచ్చి మైసూరుపాకు అడిగాడు కూడా.

ఆ రోజు వచ్చినవాడు మాత్రం తప్పు చదవలేదు.
కొత్తవలస నుంచి, చింతలపాటి నరహరిరాజుగారు.
తాతగారి రివాల్వర్ని తువ్వాలులో చుట్టి
లైసెన్సు, పైవాళ్ళ అనుమతి ప్లాస్టిక్ సంచిలో పెట్టి
చంటిబిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు తెచ్చాడు.
"దీని తూటాలు ఇప్పుడెవరూ చెయ్యట్లేదట.
దొరికే తూటా తినేలా మార్చగలరా?"

మా అప్పలాచారి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని
సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాడు.
టిక్. టిక్. టిక్. టిక్.
"నాలుగూ పలికినాయి. గొంతు బాగుంది బాబూ.
తిండే దొరకట్లేదు దీనికి."

ఇది తనంతట తాను మాట్లాడే రకం కాదు.
ప్రతిసారీ సుత్తి నువ్వే లాగాలి,
ప్రతిసారీ మళ్ళీ నువ్వే అనుకోవాలి.
ఆ మధ్యలో మనసు మారడానికి
ఒక బొటనవేలంత జాగా ఉంటుంది.

మూడు నెలలు పట్టింది.
చిన్న తూటా ఆ పాత గదుల్లో
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా వదులు.
గదికో కొత్త గొట్టం, నాళిక లోపల మరో నాళిక.
షిప్‌యార్డ్ వేలంలో కొన్న లేతు మీద
వెంట్రుకవాసి అంటామే,
దాన్ని ఎనిమిది పాయలు చేసి
అందులో ఒక పాయ దగ్గర తగువుపడేవాడు.
మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగితే పని ఆపేసేవాడు.
"ఇనుముకి జలుబు సేస్తాదిరా, గుడ్డ కప్పు."
చెమట వేలు తగిలితే చాలు
తెల్లారేసరికి వేలిముద్ర తుప్పై లేచేది.
హార్బర్లో ఓడ కూసినప్పుడు
బల్ల మీది మరలన్నీ సన్నగా వణికేవి.

నేను కుంటుకుంటూ వెళ్ళి టీ తెచ్చేవాణ్ణి.
కాలికేమైందని రాజుగారు అడిగాడొకసారి.
నాకంటే ముందు ఆచారే అన్నాడు:
"సిన్నప్పటిది."
పంతొమ్మిదేళ్ళంటే చిన్నతనమే మరి.

తీసుకెళ్ళే రోజు
రాజుగారు గుండ్రాన్ని తిప్పి తిప్పి లెక్కపెట్టాడు.
అయిదు మెరుస్తున్నాయి.
ఒకటి నల్లగా, వెడల్పుగా, నోరు తెరుచుకుని.
"ఆరోది?"
"దాన్ని పాతగానే ఒగ్గేసినాను.
కొత్త తూటా అందులో నిలవదు. పాతది దొరకదు.
సుత్తిని దాని మీద పడుకోబెట్టండి."
"ఆరింటికి కదా మాట్లాడుకున్నాం!"
"అయిదింటికే ఇయ్యండి."

అరిచాడు. ఇంకో మిస్త్రీ పేరు చెప్పాడు.
టీ చల్లారింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
ఒకటి వెనక్కి తీసుకుని, వెళ్ళాడు.

ఇలాంటిదే ఒకటి ఈ బల్ల మీంచే జారింది.
అన్ని గదులూ నిండి ఉన్నాయి ఆ పూట,
సుత్తి కిందిది కూడా.
చూడాల్సినవాడు చూడలేదు.
కేజీహెచ్‌లో పదకొండు రోజులు
గంజి ఆయనే తెచ్చాడు, ఆయనే తాగించాడు.
ఆ మాట మాత్రం ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు. కోపం లేకపోయి కాదు.
ఎక్కడ పెట్టాలో తెలియక.

షట్టర్ సగం దించాక
జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు.
ఆరో గదికని చేసిన గొట్టం.
చేశాడన్నమాట,
చేసి కూడా వెయ్యలేదన్నమాట.
వెచ్చగా ఉంది.
చిటికెనవేలు దూర్చి చూశాను,
గోరు దాకా వెళ్ళి ఆగింది.

ఆయన వీధిలోకి తిరిగి
బోర్డు వంక చూస్తూ
"ఆ 'తు' రేపు రాయించాలిరా" అన్నాడు.